ఇరవై రెండు మంది, ఒకే తప్పు

కొత్త జిల్లాలు ఏర్పడిన తర్వాత వచ్చిన మూడో ఫిబ్రవరి అది. అప్పుడు వనపర్తిలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు గెజిటెడ్ హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేస్తున్నాను. అంతకు ముందు ఇరవై ఆరేళ్ళు స్కూల్ అసిస్టెంటుగా ఇంగ్లీషు చెప్పాను. ఆ నెలలో ఒక ధర్మసంస్థ తాము నిర్వహించే పరీక్షకు నన్ను చీఫ్ ఎగ్జామినర్‌గా నియమించింది. పై అధికారుల అనుమతి పత్రం కూడా నియామక పత్రానికి జతచేసి పంపారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల సర్కారు బడుల్లో పదో తరగతి చదివే పిల్లలకు ఆ సంస్థ ఏటా ఒక ఇంగ్లీషు పరీక్ష పెట్టేది. ముందు నిలిచిన పదిమందికి నాగర్‌కర్నూల్‌లో ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువు, తిండి, వసతి రెండేళ్ళపాటు ఉచితం. పది సీట్ల కోసం వందల మంది రాసేవారు. అందువల్ల ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఏదో ఒక ఫిర్యాదు చేసేవారు. పబ్లిక్ పరీక్షల ఫ్లయింగ్ స్క్వాడ్‌లో నేను ఆరేళ్ళు తిరిగాను. గోడ అవతలి నుంచి జవాబులు చెప్పేవాళ్ళనూ, అట్టల కింద చీటీలు దాచేవాళ్ళనూ పట్టుకుంటానని నాకు పేరుండేది. నన్ను పిలిచింది ఆ పేరు చూసే.

పేపర్లు దిద్దే పనిలో ఒక సూత్రం ఉంది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పెద్దాయన నేర్పాడు. సరైన జవాబులు కలిస్తే పట్టించుకోకు, తప్పులు కలిస్తే వదలకు అనేవాడు. సరైన జవాబు ఒకటే కాబట్టి చదివిన వాళ్ళందరూ అక్కడికే చేరతారు. తప్పు అట్లా కాదు, తలా ఒక దారిన పోతారు. అందరూ ఒకే తప్పు దగ్గర కలిశారంటే ఎవరో చేయిపట్టి అక్కడికి తీసుకుపోయి ఉండాలి. ఈ సూత్రాన్ని నేను ముప్ఫై ఏళ్ళు నమ్మాను. దాని వల్ల నష్టపోయినట్టు నాకు తెలిసినంతలో ఎవరూ లేరు.

దిద్దడం వనపర్తిలోనే జరిగింది. ఏ కట్ట ఏ బడిదో దిద్దేవాళ్ళకు తెలియకుండా కట్టల మీద కోడ్ నంబర్లు వేస్తారు. కోడ్ విప్పే పట్టిక సీలు వేసిన కవరులో ఆ సంస్థ కార్యదర్శి దగ్గర ఉంటుంది. అసిస్టెంట్ ఎగ్జామినర్లు దిద్దిన ప్రతి పది పేపర్లలో ఒకటి చీఫ్ ఎగ్జామినర్ మళ్ళీ చూడాలి. రెండో రోజు మధ్యాహ్నం ఒక అసిస్టెంట్ ఎగ్జామినర్ ఇరవై రెండు పేపర్ల కట్ట ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నాలుగో ప్రశ్న చూడమని మాత్రం చెప్పి తన కుర్చీలోకి వెళ్ళిపోయింది.

నాలుగో ప్రశ్నలో పది వాక్యాలు ఇచ్చాం. ప్రతి వాక్యంలో ఒక మాట కింద గీత ఉంటుంది. అది డైరెక్ట్ ఆబ్జెక్టో ఇండైరెక్ట్ ఆబ్జెక్టో ఆ కాగితం మీదే రాయాలి. ఇంగ్లీషుతో సంబంధం లేని పాఠకుల కోసం చెబుతాను. ‘నేను చెల్లెకు గాజులు ఇచ్చాను’ అన్నప్పుడు ఇచ్చిన వస్తువు గాజులు, అది డైరెక్ట్ ఆబ్జెక్ట్. అందుకున్నది చెల్లె, ఆమె ఇండైరెక్ట్ ఆబ్జెక్ట్. తెలుగులో ‘కు’ అనే విభక్తి ఉంది కనుక ఎవరు ఎవరో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో అట్లాంటి తోక లేదు. మాటల వరుసను బట్టి గుర్తుపట్టాలి.

ఆ ఇరవై రెండు మందీ మూడు వాక్యాలు తప్పు రాశారు. అందరివీ అవే మూడు. ‘ద డాగ్ బిట్ ద బాయ్’, అంటే కుక్క కుర్రవాణ్ణి కరిచింది. ‘మై బ్రదర్ స్కోల్డెడ్ మీ’, అంటే అన్న నన్ను తిట్టాడు. ‘ద ఫార్మర్ బీట్ ద బుల్’, అంటే రైతు ఎద్దును కొట్టాడు. ప్రశ్నపత్రంలో అతి తేలికైన వాక్యాలివి. మిగతా బడుల్లో వెనకబడిన పిల్లలు కూడా వీటికి డైరెక్ట్ ఆబ్జెక్ట్ అని సరిగ్గా రాశారు. ఈ కట్టలో మాత్రం ఇరవై రెండు మందీ ఇండైరెక్ట్ అని రాశారు.

ఇది ఒక ఎత్తు. ఏడో వాక్యం ఇంకో ఎత్తు. ‘ఐ ఆస్క్‌డ్ ద టీచర్ ఎ క్వశ్చన్’ అన్న వాక్యంలో టీచర్ అన్న మాట కింద గీత ఉంది. నేను టీచర్‌ను ప్రశ్న అడిగాను అని మనం అంటాం కాబట్టి తెలుగు పిల్లలు టీచర్‌ను డైరెక్ట్ ఆబ్జెక్ట్ అనుకుంటారు. కావాలనే పెట్టిన వాక్యం అది. మూడు జిల్లాల్లో నూటికి పదిమంది కూడా సరిగ్గా రాయలేదు. ఈ ఇరవై రెండు మందీ సరిగ్గా రాశారు.

తేలికైనవి అందరూ తప్పు, కష్టమైనది అందరూ ఒప్పు. ఆ తర్వాతి ప్రశ్న క్లాజుల మీద ఉంది. పెద్ద వాక్యంలో ఇమిడి ఉన్న చిన్న వాక్యాన్ని క్లాజు అంటారు. అది నౌన్ క్లాజో, అడ్జెక్టివ్ క్లాజో, అడ్వెర్బ్ క్లాజో గుర్తించాలి. అందులోనూ దాదాపు అందరికీ పూర్తి మార్కులు వచ్చాయి. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి పేపర్లు వెలుతురుకు పట్టి చూశాను. చాలా వాటిలో గీత గీసిన మాటల పైన పెన్సిలుతో రాసి రబ్బరుతో తుడిచిన ఆనవాళ్ళున్నాయి. రెండు మూడింట్లో సరిగ్గా తుడవలేదు. ఒకచోట ‘కు’ అని, ఇంకోచోట ‘ని’ అని, క్లాజుల దగ్గర ‘అని’, ‘తే’ అని తెలుగు అక్షరాలు కనిపించాయి.

ఇక నాకు అనుమానం కాదు, నిర్ధారణే. ఎవరో సంకేతాలు అందించారు, పిల్లలు అవి రాసుకుని తర్వాత చెరిపేశారు. సంకేతం ఇచ్చినవాడికి మూడు వాక్యాలు సరిగ్గా రావు, అంతే. కార్యదర్శిని పిలిచి కోడ్ విప్పించాను. మల్దకల్ మండలంలో ఒక ఊరి ఉన్నత పాఠశాల అది. ఊరి పేరు ఇక్కడ రాయను. కార్యదర్శి ఇంజనీరుగా రిటైరైన మనిషి. కట్ట మొత్తం రద్దు చేద్దామన్నాడు. విచారణ లేకుండా రద్దు కుదరదని చెప్పి, ముందుగా ఒక ప్రాథమిక నివేదిక రాసి ఇచ్చాను. సామూహికంగా కాపీ జరిగినట్లు స్పష్టమైన ఆధారాలున్నాయని, ఇంగ్లీషు తెలిసినవారి సహాయం లేకుండా ఇది సాధ్యం కాదని రాశాను. పేరు ఎవరిదీ రాయలేదు. దాని నకలు ఆ బడికి వెళ్ళింది.

మూడు రోజుల తర్వాత చెప్పాపెట్టకుండా నేనే బయలుదేరాను. విచారణకు వస్తున్నామని ముందే చెబితే ఊరంతా ఒక మాట మీదికి వస్తుందని స్క్వాడ్‌లో నేర్చుకున్నాను. గద్వాలలో బస్సు మారి, మల్దకల్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో బడికి చేరేసరికి పదకొండు దాటింది. హెడ్మాస్టరు పోస్టు ఖాళీగా ఉండడంతో జనార్దన్ అనే లెక్కల సార్ ఇన్‌ఛార్జిగా ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, కుర్చీ తుడిచాడు, చాయ్ తెప్పించాడు. నేను అడగకముందే, ఆ అమ్మాయిని తీసేశాను మేడం అన్నాడు.

ఆ అమ్మాయి పేరు రూతమ్మ. ఇంగ్లీషు టీచరు పోస్టు రెండేళ్ళుగా ఖాళీ. ఆ స్థానంలో విద్యా వలంటీరుగా, అంటే నెలనెలా కొంత గౌరవవేతనం మీద తాత్కాలికంగా, ఆమె పనిచేస్తోంది. దూరవిద్యలో ఇంగ్లీషు ఎం.ఏ. చేసింది. అదే ఊరి కూలి కుటుంబం. నా నివేదిక నకలు అందిన మరునాడే రేపటి నుంచి రావద్దని జనార్దన్ సార్ ఆమెకు చెప్పేశాడు.

పరీక్ష రోజు హాలులో ఎవరున్నారని అడిగాను. తానే ఇన్విజిలేటర్నని చెప్పాడు. హాలు వదిలి వెళ్ళారా అని అడిగితే లేదన్నాడు. రెండోసారి అడిగితే, ఫోన్ వస్తే ఒక పది నిమిషాలు అన్నాడు. అప్పుడు వరండాలో ఎవరున్నారు అంటే, రూతమ్మ పిల్లలకు నీళ్ళు పోయడానికి ఉంది అన్నాడు. ఈ మూడు జవాబులూ నోట్ చేసుకుని ఆయన సంతకం తీసుకున్నాను. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఆయన ఆమెను ముందుకు తోస్తున్నాడేమోనన్న అనుమానం నాకు కలగకపోలేదు. కానీ వరండాలో ఆమె ఉన్నమాట నిజమైతే నా నివేదికకు అది బలమే. అందుచేత ఆ అనుమానాన్ని అక్కడితో వదిలేశాను.

తర్వాత పిల్లలను ఒక్కొక్కరినీ వేరే గదిలోకి పిలిచాను. విచారణలో ఇదే పద్ధతి. ఒకరు చెప్పింది మరొకరు వినకూడదు. మొదటి పిల్ల తలవంచుకుని, “మాకేం తెల్వదు మేడం” అంది. రెండో పిల్లవాడూ అదే అన్నాడు. ఎనిమిదో మనిషి దాకా అదే మాట, అదే గొంతు. ఎవరు ఇట్లా చెప్పమన్నారని అడిగాను. ఒకమ్మాయి కళ్ళు జనార్దన్ సార్ గది వైపు పోయాయి. పెన్సిలు గుర్తులు చూపించి ఇవి ఏమిటని అడిగితే ఆ పిల్ల ఏడ్వడం మొదలుపెట్టింది. ఏడుపును కూడా నేను ఒప్పుకోలు కిందే జమకట్టాను.

తొమ్మిదో పేరు భాగ్య. కట్టలో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెవే. ఆ పేపరు నిలబడితే పదిమందిలో ఉంటుంది. ఆమె లోపలికి వచ్చేలోపు బయట గొడవ వినిపించింది. పల్లికాయ తెంపే చేలోంచి నేరుగా వచ్చిన ఒకావిడ గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు మట్టి, కొంగు నడుముకు చుట్టి ఉంది. భాగ్య తల్లి తిమ్మక్క.

“మా పిల్ల చోరీ చేసిందంటున్రు. నువ్వేనా మేడం రాసింది?” అంది.

విచారణ పూర్తి కాలేదని చెప్పాను.

“పూర్తి గాకుంటె ముందుగాల ఎట్ల రాసిన్రు? పత్తి క్రాసింగ్‌కు ఊరి పిల్లలంత పోతుంటె, ఈమెకు నేను రెండు నెలలు చేన్లకు తోల్కపోలె. చదువుకొమ్మని ఇంట్ల కూసోబెట్టిన. ఆ సీటు మీ దిక్కు పిల్లలకు ఇస్తరేమో, ఇచ్చుకోండ్రి. దొంగ అని మాత్రం పేరు పెట్టకుండ్రి.”

ఆ ప్రాంతంలో విత్తనపత్తి సాగు ఎక్కువ. పూత కాలంలో పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దే పనికి బడి పిల్లలు పోతుంటారు. దాన్నే క్రాసింగ్ అంటారు. రెండు నెలల కూలి వదులుకోవడం ఆ ఇంటికి చిన్న సంగతి కాదని నాకు తెలుసు. అయినా, అంత ఆశ పెట్టుకున్న ఇంట్లోనే కాపీకి కారణం కూడా ఉంటుందని నా బుద్ధి చెప్పింది. ఆమెను బయట కూర్చోమని చెప్పి భాగ్యను కూర్చోబెట్టాను.

భాగ్య మిగతా వాళ్ళలాగా తల వంచుకోలేదు. రూతమ్మ టీచర్ పరీక్షలో ఏమైనా చెప్పిందా అని అడిగాను. చెప్పలేదంది. చెప్పలేదని చెప్పమని ఆమె బెదిరించిందా, కొట్టిందా అని అడిగాను. స్క్వాడ్‌లో అలవాటైన ప్రశ్న అది.

“టీచర్ మాకు ఎన్నడు కొట్టలె మేడం. ఒక్కసారి నాకు తిట్టింది, హోంవర్క్ చెయ్యకపోతె. గంతే.”

“నాకు తిట్టింది కాదు, నన్ను తిట్టింది,” అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదది. వనపర్తిలో పుట్టినదాన్నే అయినా తరగతి గదిలో నా నోటికి పుస్తకాల తెలుగు పట్టుబడింది. ‘నాకు కొట్టిండు సార్’ అని ఫిర్యాదు చేసే పిల్లలను ముప్ఫై ఏళ్ళుగా ఇట్లాగే దిద్దుతున్నాను. ఫిర్యాదు ఏమిటో వినేకంటే ముందు మాట దిద్దేదాన్ని. ఆ రోజు కూడా దిద్దాను. దిద్దిన తర్వాత ఆమె పేపరు ముందుకు లాక్కున్నాను.

నాకు తిట్టింది. మాకు కొట్టింది. నా ముందున్న ఆ పేపరులో ‘మై బ్రదర్ స్కోల్డెడ్ మీ’ అన్న వాక్యంలో ‘మీ’ అన్న మాట పైన చెరిపిన పెన్సిలు గుర్తు ‘కు’.

భాగ్యను మెల్లగా అడిగాను. కుక్క కరిచిన సంగతి ఇంట్లో ఎట్లా చెబుతావు? “కుక్క నాకు కరిచింది అని చెప్త,” అంది. ఎద్దు? “ఎద్దుకు కొట్టిండు.” టీచర్‌ను ప్రశ్న అడిగితే? “టీచర్‌కు అడిగిన.” ఏనుగు కనిపిస్తే? ఆ పిల్ల నన్ను విచిత్రంగా చూసి, “ఏనుగును చూసిన,” అంది.

‘కు’ వస్తే ఇండైరెక్ట్, ‘ని’, ‘ను’ వస్తే డైరెక్ట్. వాళ్ళు రాసుకున్న గుర్తులకు అర్థం ఇదే. పుస్తకాల తెలుగు మాట్లాడే పిల్లవాడు ఈ పద్ధతి పట్టుకుంటే కరవడం, తిట్టడం, కొట్టడం సరిగ్గా వస్తాయి, అడగడం దగ్గర తప్పుతాడు. మా ప్రాంతపు పాలమూరు మాట మాట్లాడే పిల్లలు ఆ మూడింటి దగ్గర తప్పుతారు, అడగడం దగ్గర సరిగ్గా రాస్తారు. నేను కాపీకి సాక్ష్యమనుకున్న నాలుగు జవాబులూ వాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడే మాట ప్రకారం రాసినవి. మిగతా బడుల పిల్లలదీ ఇదే మాట అయినా, వాళ్ళు పుస్తకంలోని తెలుగుతో నేర్చుకున్నవాళ్ళు.

అయినా అనుమానం అంత తొందరగా వదలలేదు. నేను ఊహించింది నాకు నచ్చింది కాబట్టి నిజమనుకుంటున్నానేమో చూసుకోవాలి. హాజరుపట్టీ తెప్పించి ఇరవై రెండు మందినీ బడి ఆవరణలో ఒకరికొకరు పది అడుగుల దూరంలో కూర్చోబెట్టించాను. పది కొత్త ఇంగ్లీషు వాక్యాలు అప్పటికప్పుడు తయారుచేశాను. పాము రైతును కరిచింది, పోలీసు దొంగను కొట్టాడు, తల్లి కూతుర్ని తిట్టింది, మామను దారి అడిగాను, అన్న చెల్లెకు పెన్ను ఇచ్చాడు, ఇట్లాంటివి. పిల్లలకు ఇవ్వకముందే, నా ఊహ నిజమైతే వాళ్ళు ఏ వాక్యానికి ఏమి రాస్తారో ఒక కాగితం మీద వరుసగా రాసి కవరులో పెట్టాను. కవరు అంటించి దాని మీద జనార్దన్ సార్ చేత సంతకం, టైము వేయించాను. పరీక్షించేది పిల్లలను కాదు, నన్ను అని ఆయనకు అర్థం కాలేదు. ఆయన ముఖంలో తన ఉద్యోగం ఏమవుతుందోనన్న దిగులు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఇరవై నిమిషాల్లో కాగితాలు చేతికొచ్చాయి. కవరు విప్పి పోల్చాం. ఇరవై ఒక్కరివి నేను రాసిన వరుసతో పూర్తిగా కలిశాయి. మిగిలిన పిల్ల పాము వాక్యం ఖాళీగా వదిలేసింది. పొద్దున నా ముందు ఏడ్చిన పిల్ల ఆమె.

అప్పుడు రూతమ్మ ఎక్కడుందని అడిగాను. జనార్దన్ సార్ తెలియదన్నాడు. తిమ్మక్క వేప చెట్టు కింద ఇంకా కూర్చునే ఉంది. “మాతోనె పల్లికాయ తెంపుతున్నది. రా, చూపిస్త,” అంది. బడి నుంచి పావుగంట నడక. తొమ్మిదిమంది ఆడవాళ్ళు కుప్పల చుట్టూ కూర్చుని చెట్టు నుంచి కాయ వేరుచేస్తున్నారు. అందులో ఇరవై ఆరేళ్ళ రూతమ్మ ఉంది. నన్ను చూసి లేవలేదు. చేతిలో చెట్టు పూర్తిచేసి కాయ గంపలో వేసి అప్పుడు తలెత్తింది.

“మీ కాగితం హెచ్చెమ్ సార్ చూపిచ్చిండు మేడం. అండ్ల నా పేరు లేదు. ఇంగ్లీషు తెలిసినోళ్ళు అని ఉన్నది. ఈ ఊళ్ళె ఇంగ్లీషు తెలిసింది నేనొక్కదాన్నే. నాకే తీసేసిన్రు.”

ఈసారి నేను మాట దిద్దలేదు. గుర్తుల గురించి అడిగాను. ఇది కూడా నివేదికలో రాస్తారా అని అడిగింది. రాస్తానని చెప్పాను. అట్లయితే నేను చెప్పినట్టే రాయండి అని చెప్పసాగింది.

అమ్మానాన్నలు వలస కూలికి పోతే ఆమె హాస్టల్లో ఉండి చదువుకుంది. “పుస్తకంల ప్రత్యక్ష కర్మ, పరోక్ష కర్మ అని ఉంటది మేడం. ఆ తెలుగు నాకు ఇంగ్లీషు కంటె కష్టముండె. అందుకే ఇంట్ల మాట్లాడే మాటల పెట్టి చూసుకునేదాన్ని. ‘కు’ ఉంటె ఒకటి, ‘ని’ ఉంటె ఒకటి. క్లాజు గూడ గంతే. ‘అని’ వస్తె నౌన్ క్లాజు. ‘వచ్చిన పిల్ల’ లెక్క పేరుకు ముందు వస్తె అడ్జెక్టివ్. ‘వస్తే, పోతే’ అని వస్తె అడ్వెర్బ్. పిల్లలకు గూడ అదే చెప్పిన. పేపర్ నీటుగా ఉండాలె, గుర్తులు తుడిచెయ్యాలె అని గూడ నేనే చెప్పిన.”

నా పుస్తకంలో మూడు వాక్యాలు రాసి ఆమె చేతికిచ్చాను. కుక్క, అన్న, ఎద్దు. మొదట మూడింటికీ ఇండైరెక్ట్ అనే చెప్పింది. ఎం.ఏ. చదివిన మనిషి. తర్వాత తనే ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది.

“ఇక్కడ రెండో ఆబ్జెక్టు లేదు గద,” అంది చివరికి. “ఒక్కటే ఉంటె అది డైరెక్టే ఉంటది. రెండు ఉన్నకాడనే ‘కు’ చూడాలె. ఈ ముక్క నేను చెప్పలె. ఐతె తప్పు నాదే, పిల్లలది గాదు.”

ఆ సవరణ సరైనదని, ఆమె పద్ధతిలో చెడిపోయినది ఆ ఒక్క చోటేనని చెప్పాను. బడికి రమ్మన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

“మీరు ఊరికి రాకముందే ఒక కాగితం రాసిన్రు. అది ఊరంత తెలిసింది. చర్చిల గూడ నా దిక్కు ఒక తీరుగ చూస్తున్రు. ఇప్పుడు రాసే కాగితం గూడ ఊరంత తెల్వాలె. అది తెలిసినంక వస్త.”

ఆమె కోరింది న్యాయమే. ఉద్యోగ నియమాల ప్రకారం ఒక తాత్కాలిక ఉద్యోగికి నేను సంజాయిషీ ఇవ్వనక్కర లేదు. అయినా ఆ రాత్రి వనపర్తి చేరాక తుది నివేదిక రాసి, ప్రాథమిక నివేదికను ఉపసంహరించుకుంటున్నట్లు స్పష్టంగా పెట్టాను. సోమవారం మళ్ళీ ఆ ఊరికి పోయి ప్రార్థన సమయంలో దాన్ని పిల్లల ముందు, వచ్చిన తల్లిదండ్రుల ముందు చదివాను. ఊరివాళ్ళకు అర్థం కావాలని తెలుగులోనే చదివాను. నివేదిక రాయడంలో ఎప్పుడూ కలగని ఇబ్బంది దాన్ని పైకి చదవడంలో కలిగింది. రూతమ్మ ఆ రోజు వరుస చివర నిలబడి ఉంది. మరునాటి నుంచి పాఠం చెప్పడం మొదలుపెట్టిందని తర్వాత తెలిసింది. పల్లికాయ చేలో ఆమె గడిపిన రోజులకు గౌరవవేతనం రాలేదు.

కార్యదర్శికి నేను చెప్పింది పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. మీరు ఆ ఊరికి పోయి మెత్తబడ్డారు మేడం అన్నాడు. సంతకం, టైము ఉన్న కవరునూ ఇరవై రెండు కాగితాలనూ ఆయన ముందు పెట్టాను. రెండు గంటలు కూర్చుని ఒక్కొక్కటీ పోల్చి చూశాడు. చివరికి కట్టను అంగీకరిస్తున్నట్లు సంతకం చేశాడు. కానీ ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ ఆ బడి కట్టను విడిగా తీయించి రెండోసారి దిద్దించేవాడు. ఇన్విజిలేటరు బయటి బడి నుంచే రావాలన్న నియమం కూడా అప్పుడే పెట్టారు. అది మంచి నియమమే. జనార్దన్ సార్‌కు ఫోన్ విషయంలో మెమో వెళ్ళింది.

మూడు తప్పులకు మార్కులు కలపాలా అన్న ప్రశ్న వచ్చింది. కలపలేదు. కారణం తెలిసినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. ఆ మూడు మార్కులు పోయినా భాగ్య ఎనిమిదో స్థానంలో నిలిచి నాగర్‌కర్నూల్‌లో చేరింది. అదే బడి నుంచి కల్యాణి అనే అమ్మాయి పదకొండో స్థానంలో ఆగిపోయింది. పదో స్థానానికీ ఆమెకూ తేడా రెండు మార్కులే. ఈ సంగతి రూతమ్మకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆమె, వచ్చే ఏడు పిల్లలకు ఆ ముక్క మొదటి రోజే చెప్తానంది. వచ్చే ఏడు తనకు రెన్యూవల్ ఉంటుందో లేదో అప్పటికి ఆమెకు తెలియదు.

ఈ ఉదంతం తర్వాత నా పని పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. పిల్లలు మాట్లాడేటప్పుడు మాట దిద్దడం, చెప్పిన సంగతి పూర్తిగా విన్న తర్వాతనే. ప్రాథమిక నివేదిక అన్న పేరుతో ఆధారాలను మించిన వాక్యం రాయడం మానేశాను. తప్పులు కలిస్తే వదలకు అన్న సూత్రాన్ని మాత్రం విడిచిపెట్టలేదు. అది ఇప్పటికీ సరైనదే. కాకపోతే అది చెప్పేది అందరి తప్పుకూ మూలం ఒకటేనని, అంతవరకే. ఆ మూలం చీటీయా, పాఠమా, ఇంట్లో మాట్లాడే మాటా అన్నది పేపరు చూస్తే తెలియదు. ఆ ఊరికి పోయి అడిగితేనే తెలుస్తుంది. నేను ముందు రాసి, తర్వాత పోయాను. విచారణలో అది వరుస తప్పడం.